ఉద్యోగం చేస్తూ ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ డిగ్రీ కుదురుతుందా?

తమ్ముడూ, నిజామాబాద్‌లో పగలంతా ఉద్యోగం కదా, ఐఐటీ మద్రాస్ డేటా సైన్స్ బీఎస్‌లో చేరితే క్లాసులు మిస్సవుతానేమో అని అడిగావు. ఆ టెన్షన్ అక్కర్లేదు. పాఠాలు రికార్డు చేసిన వీడియోలే, రాత్రి పదకొండుకైనా చూసుకోవచ్చు. లైవ్ సెషన్లు సందేహాల కోసం.

అసలు ఇబ్బంది అసైన్‌మెంట్లతో. ప్రతి వారం గడువు ఉంటుంది. ఒక్కో సబ్జెక్టుకు వారానికి సుమారు 10 గంటలు పడుతుందని వాళ్లే చెబుతారు. నేను మొదటి టర్మ్‌లో ఉత్సాహం కొద్దీ నాలుగు తీసుకున్నాను. మూడో వారానికే చూడని వీడియోలు కొండలా పేరుకుపోయాయి. తప్పు నాదే. నువ్వు రెండుతో మొదలుపెట్టు.

ఇంకోటి, ఆన్‌లైన్ అన్నారు కదా అని పరీక్షలు ఇంట్లో కూర్చుని రాస్తామనుకోకు. క్విజ్‌లు, ఎండ్ టర్మ్ పరీక్షలు సెంటర్‌కి వెళ్లి రాయాలి, మామూలుగా ఆదివారాల్లో. సెంటర్ హైదరాబాద్‌లో పడితే తెల్లవారుజామున బస్సు ఎక్కాల్సిందే. మీ ఆఫీసులో ఆదివారం డ్యూటీలుంటే ఆ తేదీలు ముందే చెప్పుకో.

ఇంటర్‌లో ఆర్ట్స్ గ్రూపు అన్నావు, ఫర్వాలేదు. పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లీషు ఉంటే చాలు. జేఈఈ రాయకపోయినా, నాలుగు వారాల పాఠాలు చదివి క్వాలిఫయర్ అనే అర్హత పరీక్ష పాసైతే సీటు వస్తుంది. మధ్యలో ఆపాల్సి వస్తే మొదటి దశకు ఇచ్చే ఫౌండేషన్ సర్టిఫికెట్‌తోనో, ఆ తర్వాతి దశలో వచ్చే డిప్లొమాతోనో బయటికి రావచ్చు.

ఫీజు ఒకేసారి కాదు, తీసుకున్న సబ్జెక్టులను బట్టి కడతాం. కుటుంబ ఆదాయం తక్కువైతే రాయితీ ఉంది. కావలసిన ధ్రువపత్రాలకు మీసేవలో ఇప్పుడే అప్లై చెయ్యి.