నాన్న నుంచి చట్టప్రకారం విడిపోవచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, నాకు పదహారేళ్లు నిండాయి. ఇంటర్ ఫస్టియర్ బైపీసీ. అమ్మ లేదు. నాన్న తాగొచ్చి కొడతాడు, చదువు మాన్పిస్తానంటున్నాడు. తెనాలిలో ఉన్న అమ్మమ్మ రమ్మంటోంది కానీ, “నా పిల్ల మీద నీకేం హక్కు” అని నాన్న ఆమెను గుమ్మంలోంచే పంపేశాడు. కాలిఫోర్నియాలో పిల్లలు కోర్టుకెళ్లి అమ్మానాన్నల నుంచి విడిపోవచ్చని అక్కడుండే మా పిన్ని కూతురు చెప్పింది. ఇక్కడ కుదురుతుందా? పెళ్లి చేసుకుంటే ఎవరూ ఏమీ అనలేరని నా ఫ్రెండ్ అంటోంది.
– పేరు వద్దు, పల్నాడు జిల్లా

జవాబు: తల్లీ, ముందు పెళ్లి సంగతి. నీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది అదే. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేసుకుంటే స్వేచ్ఛ రాదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో, పెళ్లయిన మైనర్ అమ్మాయికి భర్తే సంరక్షకుడని రాసి ఉంది. పైగా నిన్ను చేసుకున్న అబ్బాయి మీద పోక్సో కేసు, అంటే పద్దెనిమిది నిండని పిల్లలపై లైంగిక నేరాల చట్టం కింద కేసు, పడుతుంది. నా ఇష్టంతోనే వెళ్లానని నువ్వు చెప్పినా చట్టం లెక్కలోకి తీసుకోదు. అలాంటి జంటల్ని కోర్టు వరండాల్లో చూస్తూనే ఉన్నాను. పిల్ల ప్రభుత్వ బాలికల హోమ్‌లో, పిల్లాడు జైల్లో, ఇద్దరి చదువులూ మధ్యలో. ఆ మాట మనసులోంచి తీసెయ్.

కాలిఫోర్నియాలో పద్నాలుగేళ్లు నిండినవాళ్లు కోర్టును అడగొచ్చు, నిజమే. కానీ పెద్దల ఒప్పుదలతో అప్పటికే విడిగా ఉంటూ, తమ డబ్బు వ్యవహారాలు తామే చూసుకుంటున్నట్టు చూపించాలి. మన దేశంలో ఆ దారే లేదు. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండేదాకా నువ్వు మైనర్‌వే. అలా విడిపోయే వీల్లేకపోవడం నీకు నష్టమని నేననుకోను. నువ్వు అమ్మమ్మ ఇంట్లో ఉన్నా నిన్ను పోషించే బాధ్యత నాన్నదే, ఆయన నుంచి ఖర్చులు అడగొచ్చు. నీకు కావాల్సింది దెబ్బల్లేని ఇల్లు, ఆగని చదువు. వాటికి చట్టంలో దారులున్నాయి.

మొదటిది బాలల సంక్షేమ కమిటీ. జిల్లాకు ఒకటి ఉంటుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, ఇంట్లో దెబ్బలు తినే పిల్లలు రక్షణ అవసరమైనవాళ్ల కిందికే వస్తారు. ఎవరూ తీసుకెళ్లకపోయినా నువ్వే స్వయంగా కమిటీ ముందుకు వెళ్లవచ్చు. ఈ సంగతి తెలియక ఎంతమంది పిల్లలు నోరు మూసుకుని భరిస్తున్నారో! కమిటీ విచారించి, తగిన వ్యక్తి అనిపిస్తే నిన్ను అమ్మమ్మకు అప్పగించగలదు. నీ పేరు, వివరాలు పత్రికల్లో రాకూడదు.

రెండోది కాస్త నెమ్మది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద, తనను నీ సంరక్షకురాలిగా నియమించమని అమ్మమ్మ కోర్టును అడగవచ్చు. తండ్రి బతికుండగా ఇది తేలిక కాదు, ఆయన అందుకు తగడని కోర్టుకు రుజువు చేయాలి. అయితే ఆలోచించి చెప్పే వయసు వచ్చిన పిల్లల ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చని ఆ చట్టమే చెబుతోంది. నీకు పదహారేళ్లు. నీ మాటకు బరువుంటుంది.

లాయరు ఫీజు గురించి టెన్షన్ వద్దు. పిల్లలకు, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. అమ్మమ్మకూ వర్తిస్తుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లమను, లేదా 15100కి ఫోన్ చేయమను.

దెబ్బలకు ఆసుపత్రికి వెళ్లి ఉంటే ఆ ఓపీ చీటీ, టెన్త్ మెమో, ఆధార్ కాపీ అమ్మమ్మ దగ్గరో, నమ్మకమున్న టీచర్ దగ్గరో పెట్టు. నాన్న ఏ రోజు ఏం చేశాడో తేదీతో రాసిపెట్టుకో. ఏ రాత్రయినా ప్రాణానికి భయమనిపిస్తే పక్కింటివాళ్ల ఫోన్ నుంచైనా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయి, డబ్బులు పడవు. ఆ ఇంట్లోంచి ఒంటరిగా బస్సెక్కి ఊరు కాని ఊరు మాత్రం వెళ్లకు, అమ్మా.