పొరా, దొంతరా, అంతస్తా?

సందేహం: పోర్చుగీసులో ఉన్న డిజైన్ పాఠాలను తెలుగు చేస్తున్నాను. ఒకదానిమీద ఒకటిగా నిలువునా సాగే అమరికలకు అందులో కమాద, అందార్, ఎంపిల్యాదు, సొకాల్కు అనే మాటలున్నాయి. అన్నిటికీ ‘పొర’ అనే రాశాను. చదివితే ఎక్కడో తేడా కొడుతోంది. ‘పొర’ సరిపోదాండీ?

సమాధానం: ‘కమాద’ వరకూ సరిపోతుంది. ‘కామ’ అంటే పడక. పడకలా పరుచుకున్నది కమాద. ఓజోన్ పొరకీ, ఫొటోషాప్‌లోని లేయర్లకీ పోర్చుగీసువాళ్ళు ఈ మాటే వాడతారు. గోవాలో పోర్చుగీసుల కాలం నుంచీ వస్తున్న బెబింకా అనే మిఠాయి ఉంది. పలచగా పిండి పోసి, పైనుంచి సెగ తగిలించి, అది కాలాకే మరో వరస పోస్తారు. అవన్నీ కమాదలే. మన ఉల్లిపొరా కంటిపొరా చూడండి: పలచగా ఉండాలి, కింది దాన్ని అంటుకొని ఉండాలి. ఈ రెండు గుణాలూ లేనిచోట ‘పొర’ అతకదు.

పెళ్ళికేకుకు వాళ్ళు మూడు ‘అందార్’లు అంటారు. మీరు ‘మూడు పొరల కేకు’ అని రాస్తే మధ్యలో క్రీము పూసిన మామూలు కేకు అనుకుంటాం. మూడంతస్తుల కేకు అనండి. అంతస్తుల లెక్క దగ్గర మాత్రం జాగ్రత్త. ‘రెండంతస్తుల ఇల్లు’ అంటే కింది భాగం కూడా లెక్కలోకి వస్తుంది. ‘రెండో అంతస్తులో ఉంటాం’ అంటే రాదు. పోర్చుగల్‌లోనూ నేలమట్టం భాగానికి వేరే పేరుంది, ‘మొదటి అందార్’ దానిపైన మొదలవుతుంది. మనవాళ్ళు ఈ గొడవ పడలేకే ‘జీ ప్లస్ టూ’ అంటున్నారు.

‘ఎంపిల్యాదు’కు దొంతర ఉండనే ఉంది. కుండల దొంతర, పుస్తకాల దొంతర. పొరలా అంటుకోదు, ఒకదాని బరువు ఇంకోదానిమీద ఉంటుంది. పైకుండ దించితేగాని అడుగుకుండ చేతికి రాదు. రేకల వరసలు ఎక్కువగా ఉన్న మల్లెను దొంతరమల్లె అన్నవాళ్ళది ఎంత చక్కని చూపో! ఫోను తెరమీద పెట్టెలు ఒకదాని కింద ఒకటి రావడాన్ని ‘నిలువు దొంతర’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. అవే పెట్టెలు ఒకదాన్నొకటి కప్పుతూ ముందూవెనకలుగా ఉంటే అప్పుడు పొరలు.

మిగిలింది సొకాల్కు. పోర్చుగల్‌లోని డోరో నది లోయలో కొండవాలును చెక్కి, రాతిగోడలు కట్టి, ద్రాక్ష పెంచే మడులవి. ఎగువ డోరో ప్రాంతాన్ని యునెస్కో 2001లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పైకి పోయేకొద్దీ వెనక్కి జరిగే ఇలాంటి అమరికకు, బొమ్మలకొలువుకు వాడే ‘మెట్లు’ చాలు. అయితే పొలాల సంగతి వచ్చినచోట ‘మెట్లపొలం’ అనే రాయండి. ఒక్క అక్షరం మారి ‘మెట్టపొలం’ అయిందంటే నీరందని చేను అయిపోతుంది.

అలమరలోని అడ్డు వరసలకు మాత్రం ఇవేవీ వద్దు, ‘అరలు’ అనండి. అన్నట్టు, ఆ అలమర కూడా పోర్చుగీసువాళ్ళ ‘అర్మారియు’ నుంచి వచ్చిందే.