డిష్‌వాషర్ పంపు మార్చే ముందు ఎర్త్ సంగతి తేల్చుకోండి

అనంతపురం నుంచి ఒక పాఠకురాలు ఇలా రాశారు: "మా డిష్‌వాషర్ కొని ఐదేళ్లు దాటింది. పది రోజులుగా గిన్నెలు కడగడం పూర్తయ్యాక కూడా అడుగున నీళ్లు నిలిచిపోతున్నాయి. లోపల గుయ్యిమని చప్పుడు వస్తోంది తప్ప నీళ్లు బయటికి పోవడం లేదు. చూడటానికి వచ్చిన మెకానిక్ పంపు అరిగిపోయిందని, బోర్డుతో సహా మార్చాలని చెప్పి, యంత్రం ధరలో మూడో వంతు అడిగాడు. అదే పంపు ఆన్‌లైన్‌లో చాలా తక్కువకు దొరుకుతోంది. మా అబ్బాయి ఇంట్లోనే మారుస్తానంటున్నాడు. మార్చవచ్చా? ఇంకో చిన్న విషయం. తడి చేత్తో తలుపు ముట్టుకుంటే కొంచెం జిల్లుమంటుంది, అందుకని చెప్పులు వేసుకొని వాడుతున్నాం."

ఇదే ఫిర్యాదు కర్నూలు నుంచీ ప్రొద్దుటూరు నుంచీ కూడా వస్తూనే ఉంది. 2020 లాక్‌డౌన్‌లో పనివాళ్లు రాలేని రోజుల్లో చాలా ఇళ్లలోకి వచ్చిన ఈ యంత్రాలన్నీ ఒక్కసారే పంపులు అరిగే వయసుకు చేరుకున్నాయి. మీ ప్రశ్నకు నా జవాబు, మార్చవచ్చు అనే. అయితే మీరు చిన్న విషయమని చివర్లో రాసిన దాని గురించే ముందుగా మాట్లాడాలి, ఎందుకంటే పంపు చెడితే గిన్నెలు చేత్తో కడుక్కోవచ్చు గానీ, ఆ జిల్లుమనడాన్ని తేలిగ్గా తీసుకుంటే మనిషినే పోగొట్టుకోవలసి వస్తుంది.

డిష్‌వాషర్‌లోని ఎలక్ట్రానిక్ బోర్డుకు ముందు ఒక ఫిల్టర్ ఉంటుంది. అందులోని చిన్న కెపాసిటర్లు ఒకవైపు ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ, మరోవైపు యంత్రం ఇనుప చట్రానికీ కలిపి ఉంటాయి. ఎర్త్ తీగ సరిగా ఉన్న ఇంట్లో ఆ కొద్దిపాటి కరెంటు ఎవరికీ తెలియకుండా భూమిలోకి దిగిపోతుంది. ఎర్త్ లేని ఇంట్లో అది పోయే దారి లేక, చట్రం మొత్తం దాదాపు సగం వోల్టేజీకి, అంటే 115 వోల్టుల దగ్గరికి చేరుతుంది. అక్కడ ప్రవహించగల కరెంటు మిల్లీ ఆంపియరు కన్నా తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది, ప్రాణం మీదికి రాదు. కానీ హీటరు లోపలి ఇన్సులేషన్ పాడైనా, అరిగిన పంపు సీలు నుంచి కారిన నీళ్లు తీగల కొసల మీద పడుతున్నా మొదట్లో చేతికి తెలిసేది ఇదే జిల్లుమనడం. ప్రమాదం లేని జిల్లుమనడానికీ, ప్రాణం తీయగల జిల్లుమనడానికీ తేడా చేతికి తెలియదు. కారణం ఏదైనప్పటికీ ఒక్క సంగతి మాత్రం ఖాయం: ఎర్త్ బాగుంటే మీకు ఆ జిల్లుమనడమే ఉండేది కాదు.

చెప్పులు దీనికి కాపు కావు. వంటగట్టు కింద యంత్రం, దాని పక్కనే సింకు ఉండటం మన ఇళ్లలో మామూలే. ఒక చెయ్యి యంత్రం తలుపు మీద, మరో చెయ్యి స్టీలు కుళాయి మీద ఉన్నప్పుడు కరెంటు కాళ్ల దాకా రానక్కరలేదు, ఒక చేతి నుంచి మరో చేతికి గుండె మీదుగానే పోతుంది.

మన జిల్లాల్లో ఎర్త్ ఎందుకు ఇంత తరచుగా పోతుందో కూడా చెప్పాలి. ఎర్త్ గుంత పనిచేయాలంటే దాని చుట్టూ మట్టిలో తేమ ఉండాలి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురంలో, కొన్ని అడుగులు తవ్వగానే రాయి తగిలే నేలలో, ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన గుంత మొదటి ఏడాది బాగానే పనిచేసి, ఏప్రిల్, మే నెలల ఎండకు బీటలు వారి, పేరుకు మాత్రమే మిగులుతుంది. ఇల్లు కట్టిన నాడు పెట్టిన పైపు మీద ఆ తర్వాత బండలు పరిచేసిన ఇళ్లను, గుంత ఎక్కడుందో ఇంటి యజమానికే తెలియని ఇళ్లను నేను చాలా చూశాను. వేసవిలో ఆ గుంతలో వారానికి రెండు బిందెల నీళ్లు పోయడం మన పెద్దవాళ్లు చేసిన పనే. దాన్ని మనం ఎందుకు మానేశామో నాకు అర్థం కాదు.

దీన్ని పరీక్షించడానికి లైటు వెలిగే స్క్రూడ్రైవర్ టెస్టర్ ఒక్కటే చాలదు. మీటరు పెట్టి ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230 వోల్టులు చూపించింది కాబట్టి ఎర్త్ బాగుందని చెప్పే ఎలక్ట్రీషియన్ మాట కూడా నమ్మకండి. మీటరు తీసుకొనే కరెంటు అతి స్వల్పం కాబట్టి ఎండిపోయిన ఎర్త్ కూడా దానికి మంచిదిగానే కనిపిస్తుంది. 100 వాట్ల పాత రకం ఫిలమెంటు బల్బును ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య పెట్టించి చూడమనండి. అది నిండుగా వెలిగితే కొంత నమ్మవచ్చు, మినుకుమినుకుమంటే ఆ ఎర్త్ ఉన్నా లేనట్టే. కరెంటు దారి తప్పి భూమిలోకి పోతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ ఉన్న ఇంట్లో ఈ బల్బు పెట్టగానే అది పడిపోతుంది కాబట్టి, అక్కడ ఎర్త్ నిరోధాన్ని కొలిచే ఎర్త్ టెస్టర్‌తోనే కొలిపించాలి. ఈ పరీక్షలు మీ అబ్బాయి చేయవలసినవి కావు, అనుభవం ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేయించవలసినవి.

నన్ను అన్నిటికన్నా భయపెట్టే పని ఇంకొకటుంది. ఎర్త్ రాని చోట సాకెట్ లోపల న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు చిన్న తీగతో కలిపేసి, జిల్లుమనడం ఆగిపోయిందని చూపించి డబ్బు తీసుకొని వెళ్లేవాళ్లు ఉన్నారు. నిజంగానే జిల్లుమనడం ఆగుతుంది. కానీ ఏదో ఒక రోజు న్యూట్రల్ తీగ మీటరు దగ్గరో స్తంభం దగ్గరో ఊడితే, యంత్రం లోపలి నుంచి వచ్చే ఫేజ్ అంతా ఆ చిన్న తీగ గుండా చట్రం మీదికి వచ్చి, తలుపు నిండు 230 వోల్టులతో ఎదురుచూస్తూ ఉంటుంది. ఇది మరమ్మతు కాదు, ఇంట్లో ఉరి పెట్టడం. మీ సాకెట్ విప్పించి అలాంటి తీగ ఉందేమో చూపించమనండి. దానితోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి. కరెంటు మితిమీరితే పడిపోయే ఎంసీబీ తీగలను కాపాడుతుందే గాని మనిషిని కాపాడదు. మాటిమాటికీ పడిపోతోందని ఆర్‌సీసీబీని తీసేయించిన వాళ్లు, అది దేన్ని చూసి పడిపోతోందో ఒక్కసారి కూడా అడగకపోవడం నన్ను బాధిస్తుంది. ఇక హీటరుతో కలిపి 2000 వాట్ల దాకా తీసుకొనే ఈ యంత్రానికి 16 ఆంపియర్ల సొంత సాకెట్ ఉండాలి గాని, కన్వర్షన్ ప్లగ్గులతో నడపకూడదు.

ఇప్పుడు పంపు దగ్గరికి వద్దాం. డిష్‌వాషర్‌లో రెండు పంపులుంటాయి. గిన్నెల మీదికి నీళ్లు చిమ్మేది ఒకటి, మురుగు నీళ్లు బయటికి తోసేది మరొకటి. మీరు రాసిన లక్షణాలు రెండో దానివి. ఇది 30 వాట్ల చుట్టుపక్కల ఉండే చిన్న మోటారు, దానికి బోర్డుతో ఉన్న సంబంధం రెండు తీగలే. గుయ్యిమనే చప్పుడు వస్తోందంటే బోర్డు దానికి కరెంటు పంపుతోందనే అర్థం, కాబట్టి బోర్డు మార్చాలన్న మెకానిక్ మాటకు ఆధారం నాకు కనిపించడం లేదు. పంపైనా నిజంగా అరిగిందో లేదో ముందు చూడాలి. ప్లగ్గు తీసి, నీళ్ల కుళాయి కట్టేసి, అడుగు నీళ్లను స్పంజితో తోడేసి, జాలీ ఎత్తితే, చాలా యంత్రాల్లో దాని కింద ఒక మూలన చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది. ఆ మూత కిందే పంపు రెక్క. చేతికి గ్లౌజు వేసుకొని చూడమనండి, గాజు పెంకులుండవచ్చు. చింతగింజ, కరివేపాకు ఈనె, వేటమాంసం ఎముక ముక్క, కొత్త స్టీలు గిన్నె మీది కాగితం ఇలాంటివి ఇరుక్కొని ఉంటే తీసేయగానే చాలా పంపులు బాగైపోతాయి. రెక్కను వేలితో తిప్పినప్పుడు కుదుపులతో, ఆగి ఆగి తిరగడం సహజమే, లోపలున్న అయస్కాంతం వల్ల అది అలాగే తిరగాలి. ఇరుసు మీద అది పక్కలకు ఊగుతుంటేనో, రెక్క విరిగి ఉంటేనో అది అరిగినట్టు లెక్క. చివరిగా, తీగలు ఊడదీసి మీటరుతో మోటారు లోపలి తీగ చుట్ట నిరోధం కొలవాలి. అది సాధారణంగా 100 నుంచి 200 ఓముల మధ్య ఉంటుంది. ఏమీ చూపించకపోతే చుట్ట కాలిపోయిందన్నమాట.

కొత్త పంపు కొనేటప్పుడు ఫొటో చూసి కొనవద్దు. పాత పంపు మీది చీటీలో ఉన్న వోల్టులు, హెర్ట్జ్, వాట్లు, తీగ తగిలించే రెండు పలకల అమరిక, బిగించే పద్ధతి అన్నీ సరిపోవాలి. మార్చడానికి యంత్రాన్ని వంటగట్టు కింద నుంచి లాగేటప్పుడు కడప బండ మీద దాని కాళ్లు గీసుకోకుండా పాత దుప్పటి వేసి, ఇద్దరు కలిసి మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టాలి. పక్కకు పడుకోబెడితే, నీటి కఠినత్వం తగ్గించడానికి ఉప్పు పోసే తొట్టిలోని నీళ్లు బోర్డు మీదికి కారవచ్చు. అడుగు పలక తీశాక తీగలు ఊడదీసే ముందు ఫోనుతో ఫొటో తీసుకోండి. ఈ పంపుల్లో చాలా వాటిని చిన్న నాలుకను నొక్కి పావు వంతు తిప్పితే బయటికి వచ్చేస్తాయి. రబ్బరు వలయం కొత్తదే వాడాలి, దానికి గ్రీజు గానీ నూనె గానీ పూయకూడదు. ఆ జాతి రబ్బరు వాటికి ఉబ్బిపోతుంది. రెండు చుక్కల గిన్నెల సబ్బు నీళ్లు చాలు.

చెడింది నీళ్లు చిమ్మే పంపు అయితే నా జవాబు వేరేగా ఉండేది. కొత్త యంత్రాల్లో దానిలోనే హీటరు కూడా కలిసి ఉంటుంది, దాన్ని నడిపే బోర్డులోని కెపాసిటర్లలో ప్లగ్గు తీసిన తర్వాత కూడా కొన్ని నిమిషాల పాటు ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది. దాన్ని తెలిసినవారికే వదిలేయాలి.

ప్రొద్దుటూరు పాఠకుడు ఒకరు, కొత్త పంపు వేసిన ఎనిమిది నెలలకే అదీ పోయిందని, నకిలీ సరుకు అంటగట్టారని కోపంగా రాశారు. నకిలీ కావచ్చు, కానీ వారి ఉత్తరంలోనే బోరు నీళ్లు వాడుతున్నామని, ఉప్పు తొట్టి ఏడాదిగా నింపలేదని ఉంది. తాగునీటిలో కఠినత్వం, అంటే కరిగి ఉన్న సున్నం, లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. మన బోర్లలో ఆ రెండో హద్దు దాటేవీ ఉన్నాయి. ఆ సున్నం హీటరు మీదా, పంపు సీలు అంచుల మీదా పేరుకొని గరుకు కాగితంలా రాస్తూ ఉంటే ఏ పంపైనా ఎంతకాలం నిలుస్తుంది? యంత్రంలో నీటి సున్నాన్ని తగ్గించే సాఫ్ట్‌నర్‌ను నీటి కఠినత్వానికి తగినట్టు సెట్ చేసి, డిష్‌వాషర్ కోసం అమ్మే గళ్లుప్పే పోయాలి. వంటింటి అయోడిన్ మెత్తటి ఉప్పులో గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు సాఫ్ట్‌నర్‌ను పూడ్చేస్తాయి. ఇంకో పొరపాటు, టీడీఎస్ పెన్ను ముంచి వచ్చిన అంకెనే కఠినత్వం అనుకోవడం. అది నీటిలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి అంచనా వేస్తుంది, సున్నం ఎంతో చెప్పదు. కఠినత్వానికి చుక్కలు వేసి రంగు చూసే కిట్లు వేరే దొరుకుతాయి. సంగటి ముద్ద అంటిన గిన్నెలను ముందుగా కడగనక్కరలేదు గాని, గరిటెతో గీకి పెట్టడం మాత్రం తప్పనిసరి.

తయారీదారుల మీద కూడా నాకు ఫిర్యాదు ఉంది. ఇంటి యజమాని సొంతంగా శుభ్రం చేసుకోగల ఆ పంపు మూత గురించి వాడుక పుస్తకంలో ఒక బొమ్మ వేయని యంత్రాలున్నాయి, లోపం సంకేతానికి అర్థం యాప్‌లో మాత్రమే చూపించి, ఆ యాప్ తెరవడానికి మన ఫోనులోని లొకేషన్ అనుమతి అడిగే యంత్రాలూ ఉన్నాయి. నీళ్లు పోవడం లేదన్న సంగతి చెప్పడానికి నేను ఎక్కడున్నానో దానికి ఎందుకు? చిన్న పంపును విడిగా అమ్మకుండా అడుగు భాగమంతా కలిపి అమ్మే పద్ధతి మరీ అన్యాయం. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. విడిభాగం ఇవ్వమని నిరాకరిస్తే 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు రాయించండి.

కర్నూలు నుంచి వచ్చిన ఉత్తరం కూడా ఇక్కడే ప్రస్తావించాలి. పంపు కోసం ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోను చేస్తే, అవతలి వ్యక్తి రిజిస్ట్రేషన్‌కు పది రూపాయలు కట్టమని వాట్సాప్‌లో ఒక ఫైలు పంపాడట, దాన్ని ఇన్‌స్టాల్ చేసుకోమన్నాడట. వారు అనుమానించి ఆపేశారు, మంచి పని చేశారు. ఆ ఫైలును ఫోనులో ఇన్‌స్టాల్ చేస్తే మనకొచ్చే ఓటీపీలన్నీ అతని చేతిలో ఉన్నట్టే. నంబరు ఎప్పుడూ యంత్రం తలుపు అంచున ఉన్న చీటీ మీదో, వారంటీ కార్డు మీదో చూసి చేయాలి. ఒకవేళ ఎవరైనా ఇప్పటికే అలాంటి ఫైలు వేసుకొని డబ్బు పోగొట్టుకొని ఉంటే, ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

మళ్లీ అనంతపురం పాఠకురాలికి. ఎర్త్ సరైందని తేలి, పంపు మార్చాక, అడుగు తొట్టిలో ఒక్క చుక్క కూడా లేకుండా గుడ్డతో తుడిపించండి. అక్కడ నీళ్లుంటే చాలా యంత్రాల్లో ఉండే తేలుడు స్విచ్ లీకేజీ అనుకొని యంత్రాన్ని కదలనివ్వదు. అడుగు పలక బిగించి, యంత్రాన్ని నిలబెట్టిన తర్వాతే ప్లగ్గు పెట్టాలి. లోపల రెండు లీటర్ల నీళ్లు పోసి, నీళ్లు తోసే దశను మాత్రం నడిపి చూడండి. ముందువైపు కింది పట్టీని అప్పుడే పెట్టేయకుండా, యంత్రం కిందికి ఒక దినపత్రిక కాగితం తోసి, మూడు రోజులు మామూలుగా గిన్నెలు కడగండి. నాలుగో రోజు ప్లగ్గు తీసి ఆ కాగితం లాగి చూసి, అది పొడిగా ఉంటేనే పట్టీ బిగించండి.