అప్పు తెచ్చి కానుక వేయొద్దు

ప్రశ్న: నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగులం. జీతం రాగానే దశమభాగం తీసి పక్కన పెడతాం. మందిర నిర్మాణానికి మొక్కుకున్న మొత్తాన్ని నెలనెలా కడుతున్నాం, అది జీతంలో 8 శాతం. ఈఎమ్ఐతో కలిపి ఇంటి ఖర్చులు 75 శాతం. మిగిలిన 7 శాతం క్రెడిట్ కార్డు కనీస చెల్లింపుకు పోతోంది. పొదుపు లేదు. రేపటి గురించి చింతించొద్దని బైబిలు వాక్యమే చెబుతోంది కదా అంటారు మావారు. ఆయన ఉద్యోగం రెండు నెలలు ఆగినప్పుడు ఇల్లు కార్డు మీదే నడిచింది. మొక్కుబడి తప్పకూడదని కార్డు మీద నగదు కూడా తీశాం. పర్సనల్ లోన్ తీసుకుని కార్డు బాకీ, మొక్కుబడి ఒకేసారి తీర్చేద్దామా?

జవాబు: వద్దు. విశ్వాసం ఉంది కాబట్టి నిల్వ అక్కర్లేదనే మాట చాలా ఇళ్లలో వింటుంటాను. అలాంటి ఇళ్లలో కష్టం వచ్చిన రోజు మొదట తీసేది కార్డే. అంటే ఆ రోజుకు ఆధారం బ్యాంకన్నమాట.

బైబిల్లో ఐగుప్తు దేశానికి అధికారి అయిన యోసేపు సంగతే చూడండి. కరవు వస్తుందన్న మాట దేవుని నుంచి వచ్చిందని నమ్మాడు, నమ్మాడు కాబట్టే ఏడేళ్ల పాటు పంటలో ఐదో వంతు కొట్లలో పోయించాడు. లూకా సువార్తలో కొట్లు పెద్దవి కట్టించుకుందామనుకున్న ధనవంతుణ్ని దేవుడు వెర్రివాడా అన్నాడు కదా అని మీవారు అడగొచ్చు. అతను కూడబెట్టింది ఏళ్ల తరబడి తిని తాగి సుఖపడదామని. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోవడాన్ని దాంతో ముడిపెట్టకండి.

దశమభాగం జోలికి నేను రాను, అది మీ ఇద్దరి నిర్ణయం. కార్డు మీద నగదు తీసి మొక్కుబడి కట్టడం మాత్రం నాకు అస్సలు మింగుడుపడలేదు. నగదు తీస్తే వడ్డీ ఆ రోజు నుంచే మొదలు, పైన రుసుము. నెలకు 3 శాతం అంటే ఏడాదికి 36 అనుకుంటారు, వడ్డీ మీద వడ్డీ కలిస్తే 42 దాటుతుంది. కనీస చెల్లింపులో చాలా భాగం వడ్డీకే పోతుంది, అసలు దాదాపు అక్కడే ఉంటుంది. లేని దాన్నిబట్టి కాదు, ఉన్న దాన్నిబట్టే ఇవ్వాలని పౌలు కొరింథీయులకు రాశాడు.

మీ పాస్టరుగారిని కలిసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మొక్కుబడి మానేస్తామనక్కర్లేదు, గడువు అడగండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అలా 8 శాతం మిగులుతుంది. ఇంటి ఖర్చులో ఇంకో 4 శాతం తగ్గించండి, ఇద్దరూ కూర్చుని నెల లెక్క రాస్తే దొరుకుతుంది. ఈ 12 శాతాన్ని జీతం వచ్చిన రోజే వేరే ఖాతాలోకి పంపేయండి. మూడు నెలల్లో సగం నెల ఖర్చు చేరుతుంది. కార్డు బాకీ ఉండగా నిల్వ ఎందుకని అడుగుతారు. ఈ కాస్త లేకపోతే ఇంట్లో ఏది పాడైనా మళ్లీ కార్డే గీస్తారు, అందుకు. ఆ తర్వాత కార్డుకు ఇప్పుడు కడుతున్న 7 శాతానికి ఈ 12 కలిపి, బాకీ తీరేదాకా 19 శాతం దానికే కట్టండి. ఈలోగా కార్డు వాడొద్దు. బాకీ తీరాక మొక్కుబడి వాయిదా మళ్లీ మొదలుపెట్టి, మిగిలే 11 శాతాన్ని నిల్వకు మళ్లించండి. ఆరు నెలల ఖర్చు చేరడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. పట్టనీయండి. అది చేరాక ఆపేయండి, పైది పిల్లల చదువుకో, పెట్టుబడికో, ఎక్కువ కానుకకో మీ ఇష్టం.

తక్కువ వడ్డీకి దొరికితే పర్సనల్ లోన్ కార్డు బాకీ వరకే, పైసా ఎక్కువ తీసుకోకండి, దాంతో బాకీ తీర్చిన వెంటనే కార్డు రద్దు చేయించండి. మొక్కుబడి కోసం అయితే ఒక్క రూపాయి కూడా వద్దు. ఇద్దరికీ ఆరోగ్య బీమా ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే తగ్గించిన ఆ 4 శాతం ముందు ప్రీమియానికే పోవాలి, నిల్వ ఇంకొన్ని నెలలు ఆలస్యమైనా సరే.