బొమ్మ మినర్వాది, పేరు సెనూనాది: ఈ బంగారు రేకు ఏ దేవతకు చెందుతుంది?

ప్రశ్న: బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న యాష్‌వెల్ నిధిలోని రోమన్ బంగారు రేకు ఫొటో చూశాను. బొమ్మ మినర్వాదే, రాతలో మాత్రం సెనూనా అని ఉందట. ఏది నమ్మాలి? అలాంటిది రాగి రేకులో చేసుకోవచ్చా?

జవాబు: రాతను నమ్మండి. బొమ్మను బట్టి దేవతను తేల్చడమే ఇక్కడ అందరూ చేసే పొరపాటు.

ఈ నిధి 2002లో ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో, యాష్‌వెల్ దగ్గరి పొలంలో బయటపడింది. మొత్తం 27 బంగారు, వెండి వస్తువులు. వాటిలో ఆకు ఆకారపు మొక్కుబడి రేకులే ఎక్కువ, ఏడు బంగారువి, మిగతావి వెండివి. చాలావాటి మీద శిరస్త్రాణం, ఈటె, డాలుతో రోమన్ దేవత మినర్వా నిలబడి ఉంటుంది, చుట్టూ గుడి ముఖద్వారం. సెనూనా బ్రిటన్ స్థానిక దేవత. అప్పటిదాకా ఆమె పేరు కూడా ఎవరికీ తెలియదు. స్థానిక దేవతను తమకు తెలిసిన దేవత రూపంలో చూపడం రోమన్ల అలవాటు. ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో సూలిస్ అనే స్థానిక దేవతను మినర్వాతో కలిపి ఒకే పేరుగా పిలిచారు. ఇక్కడ రూపం మినర్వాది, పేరు సెనూనాది.

పేరు తేలడం కూడా ఒక్క రోజులో జరగలేదు. మొదట్లో ‘సెనువా’ అని చదివారు. తర్వాత తవ్వకాల్లో దొరికిన వెండి విగ్రహ పీఠం మీద పేరు ‘సెనూనా’ అని స్పష్టపడింది. ఆ విగ్రహం సమర్పించినది ఫ్లావియా కునోరిస్ అనే స్త్రీ. పేరులో మొదటి సగం రోమన్, రెండో సగం బ్రిటన్ వాళ్లది.

ఈ లాటిన్ రాత చదివేటప్పుడు ముందు దేవత పేరు చివర చూడండి. ‘డేయే సెనూనే’ అంటే ‘సెనూనా దేవికి’, మన ‘కి’ విభక్తి. వ్యాకరణం ప్రకారం చివర A, E అనే రెండు రోమన్ అక్షరాలు రావాలి. జనం పలికేది ఒక్క E నే, చెక్కేవాడూ తరచు అదే చెక్కేవాడు, కాబట్టి దాన్ని చూసి వేరే పేరనుకోకండి. తర్వాత మొక్కినవారి పేరు, చివర నాలుగు పొడి అక్షరాలు: వి, ఎస్, ఎల్, ఎం. విడదీస్తే ‘వోటుమ్ సోల్విట్ లిబెన్స్ మెరిటో’, అంటే మొక్కు చెల్లించాడు లేదా చెల్లించింది, మనసారా, దేవతకు తగినట్టుగా. ‘సోల్విట్’లో ఆడా మగా తేడా లేదు. తెలుగులో ‘చెల్లించాడు’, ‘చెల్లించింది’ అని తేల్చాలి గనుక పేరు చూడక తప్పదు. ఉదాహరణకు ఫిర్మానుస్ పురుషుడి పేరు, లూసీలియా స్త్రీ పేరు.

ఈ సూత్రం బట్టి ఇది వరం అడుగుతూ ఇచ్చింది కాదు, కోరిక తీరాక ఇచ్చింది. నిలువుదోపిడి మొక్కు తెలిసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. ఒక తేడా మాత్రం ఉంది. దేవతకు అంకితమైన వస్తువు మళ్లీ లోకవ్యవహారంలోకి రాకూడదని రోమన్ నియమం, కాబట్టి గుళ్లో స్థలం చాలకపోతే పాత కానుకలను గుడి ఆవరణలోనే గోతుల్లో పూడ్చేవారు.

ఇక తయారీ. 0.1 మిల్లీమీటర్ల రాగి రేకు తీసుకోండి, 12 సెంటీమీటర్ల పొడవు చాలు. మందంగా ఉంటే గీత లేవదు, మరీ పలచనైతే ముక్కు దగ్గర, ఈటె మొన దగ్గర చిరుగుతుంది. కింద రబ్బరు షీటు పరవండి, కంసాలి దగ్గర లక్క దొరికితే ఇంకా మంచిది. రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో ముందువైపు నుంచి హద్దు గీయండి, తిప్పి వెనకనుంచి గుండ్రటి వెదురుపుల్లతో పొంగించండి, మళ్లీ ముందునుంచి హద్దు గట్టిపరచండి. రేకు బిరుసెక్కి టకటకలాడుతుంటే ఆపండి, అప్పుడు నొక్కితే పగులుతుంది. మంటలో మసక ఎరుపు రాగానే నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది. పట్టిన నలుపు చింతపండుతో పోతుంది. బంగారంతో ఈ నలుపు బాధ లేదు, బిరుసెక్కడమూ తక్కువే.

ఆకు ఈనెలు నడిమి గీత నుంచి ఏటవాలుగా, దగ్గరదగ్గరగా పడాలి. ఆకారం కత్తిరించడం చివరికి వదిలేయండి, చుట్టూ అంచు ఉంటేనే రేకు మెలిపడదు.

ఎక్కువమంది తప్పేది అక్షరాల్లో. వెనకనుంచి నొక్కితే అద్దంలో లాగా తిరగేసి రాయాలి. ముందునుంచి చుక్కలు పొడిస్తే ఆ ఇబ్బంది లేదు. రోమన్ పనివాళ్లు కూడా అక్షరాలు అద్దంలో లాగా తిరగేసి చెక్కినవి ఉన్నాయి, కాబట్టి మ్యూజియం రేకు మీద తిరగబడిన ‘ఎస్’ కనిపిస్తే నకిలీ అనుకోనక్కర్లేదు. ఫొటోలో అక్షరాలు తెలియకపోతే పక్కవాటు వెలుతురు పడిన ఫొటో వెతకండి, ఎదురు వెలుతురులో రేకు మెరుపే రాతను మింగేస్తుంది.

మీరు చేసినదాని వెనక ఒక మూలన సంవత్సరం, ‘నమూనా’ అనే మాట పొడవండి. రాగి మీద బంగారు పూత పడితే కొన్నేళ్లకు ఎవరో దాన్ని అసలుదని అమ్మకానికి పెడతారు.