గూబ పగిలిందా, కర్ణభేరికి చిల్లు పడిందా?

సందేహం: మేం చెన్నైలో పెరంబూరులో ఉంటాం. మా అత్తగారికి చెవిపోటు వచ్చి చీము కారితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాం. ఇయర్ డ్రమ్‌లో చిన్న హోల్ ఉంది, చుక్కల మందు వాడాలి, తలస్నానం చేసేటప్పుడు చెవిలోకి నీళ్ళు పోకూడదు అన్నారు. ఊళ్ళో ఉన్న మా మరిదికి వాట్సాప్‌లో ‘అత్తయ్యగారి చెవి గూబ పగిలింది, చెవిన రోజుకు మూడుసార్లు చుక్కలు వేయాలి’ అని పెట్టాను. అతను హడలిపోయి, ‘అమ్మను ఎవరైనా కొట్టారా వదినా’ అంటూ ఫోన్ చేశాడు. ‘కర్ణభేరి పగిలింది’ అని రాయాల్సింది అని మావారు అంటారు. స్కూల్లో తమిళం చదువుతున్న మా అమ్మాయిదేమో ఇంకో ప్రశ్న. చెవిలోని మూడు ఎముకలకు తమిళంలో సుత్తి, పట్టడై, అంగవడి అని పేర్లున్నాయట, తెలుగులో లేవా అని. ఏది ఒప్పో చెప్పగలరు.

సమాధానం: మీ మరిది హడలిపోవడంలో తప్పులేదు. గూబ అనే మాటను మనం ఎక్కడెక్కడ వాడతామో చూడండి. గూబ మీద ఒక్కటిచ్చాడు అంటాం. గూబ గుయ్యిమంది అంటాం. పెళ్ళిలో ఆ స్పీకర్ల మోతకు గూబలు అదిరిపోయాయి అంటాం. మొదటి వాక్యంలో గూబ బయట ఉంది, చెంపా చెవీ కలిసే చోట. మిగిలిన రెండింటిలో లోపల ఉంది, మోత వినబడే చోట. అంటే వాడుకలో గూబ ఫలానా అవయవం పేరు కాదు. చెవి, దాని చుట్టుపక్కల, దాని లోపలి బోలు, అన్నీ కలిపి చెప్పే మాట. దాని వెంట వచ్చే క్రియలు కూడా దాదాపు అన్నీ దెబ్బకో మోతకో చెందినవే. అందుకే ‘గూబ పగిలింది’ అని చదవగానే ఎవరికైనా ముందు తోచేది లెంపకాయే, చీము కాదు.

‘గూబ పగులుతుంది’ అనే తిట్టులో కొంత శరీరశాస్త్రం కూడా ఉంది. చెవి మీద అరచేయి బలంగా పడితే చెవి దారిలోని గాలి ఒక్కసారిగా లోపలికి నెట్టుకుపోతుంది. ఆ ఒత్తిడికి కర్ణభేరి నిజంగానే చిరిగిపోవచ్చు. అలా బెదిరించేవాళ్ళు ఎక్కువమంది ఇది తెలియకుండానే అంటారు. పిల్లల చెవి మీద చేయి చేసుకోవడం ఎంత ప్రమాదమో పెద్దవాళ్ళకు గట్టిగా చెప్పాల్సిన సంగతి ఇది.

ఇక కర్ణభేరి. చెవి రంధ్రం నుంచి సుమారు రెండున్నర సెంటీమీటర్లు లోపలికి వెళితే దారికి అడ్డంగా ఒక పొర ఉంటుంది. అడ్డకొలత 8 నుంచి 10 మిల్లీమీటర్లు, మందం మిల్లీమీటరులో పదో వంతు. అంత పల్చటి దాంట్లోనూ మూడు వరసలున్నాయి. బయటివైపు చర్మం, లోపలివైపు తడి పొర, మధ్యలో బిగువునిచ్చే నార. శబ్దం తగిలితే అదురుతుంది కాబట్టి భేరి అన్నారు. తమిళంలో సెవిప్పఱై అన్నా అదే ఊహ, పఱై అంటే డప్పు. తెలుగు పాఠ్యపుస్తకాల్లోనూ పత్రికల్లోనూ స్థిరపడిన మాట కర్ణభేరే. ఆరోగ్యం సంగతి రాసేటప్పుడు దీన్నే వాడండి.

కానీ మీవారు అన్న ‘కర్ణభేరి పగిలింది’లో నామం సరే, క్రియతోనే పేచీ. కుండ పగులుతుంది, అద్దం పగులుతుంది, కొబ్బరికాయ పగులుతుంది. చర్మం పగలడం కూడా ఉంది, అయితే అది ఎండి బీటలిచ్చినప్పుడు. మడమలు పగిలాయి, పెదవులు పగిలాయి అంటాం. పల్చటి పొరకు చిల్లు పడుతుంది, లేదా అది చిరుగుతుంది. ‘చెవులు చిల్లులు పడేలా అరిచాడు’ అనే జాతీయం ఉండనే ఉంది. చెవిలో ఏ డాక్టరూ లైటు వేసి చూడని రోజుల్లోనే జనం నోట సరైన క్రియ పడింది. వినేవాళ్ళ టెన్షన్ కూడా ఈ క్రియ మీదే ఆధారపడుతుంది. పగిలింది అంటే ఇక అంతే అనిపిస్తుంది. చిల్లు పడింది అంటే పూడుతుందన్న ఆశ ఉంటుంది. నిజం కూడా అదే. చిన్న చిల్లులు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతట అవే పూడతాయి. పూడకపోతే కణత దగ్గరి కండరం మీది పల్చటి పొర ముక్క తీసి మాసిక వేస్తారు. ‘అత్తయ్యగారి కర్ణభేరికి చిన్న చిల్లు పడింది’ అని రాసి ఉంటే మీ మరిది అంత కంగారు పడేవాడు కాదు.

మీ అమ్మాయి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే చెవి బయటి నుంచి మొదలుపెట్టాలి. చెయ్యి తగిలేంత వరకు, కన్ను ఆనేంత వరకు తెలుగులో మాటలకు కొదవలేదు. చెవి అన్న మాటే చూడండి. తమిళంలో సెవి, కన్నడంలో కివి, మూడూ ఒక్క మూలం నుంచి వచ్చినవే. ఇ, ఎ అచ్చుల ముందు పాత కకారం తెలుగులో చకారమైంది, కన్నడంలో అలాగే నిలిచింది. తేడా ఏమిటంటే తమిళులకు సెవి పుస్తకాల మాటగా మిగిలి, ఇంట్లో మాటగా ‘కాదు’ వచ్చింది. మనకు ఇప్పటికీ ఇంట్లో, పద్యంలో, డాక్టరు దగ్గర అన్నిచోట్లా చెవే. వీను అనే ఇంకో అచ్చ తెలుగు మాట కూడా ఉంది కానీ ‘వీనుల విందు’లో తప్ప వాడుకలో మిగల్లేదు.

బయటికి కనబడే మడతల భాగం చెవిడొప్ప. చెవి దొప్ప అనీ రాస్తారు. ఆకుతో కుట్టిన దొప్పలాగా శబ్దాన్ని పట్టి లోపలికి పంపుతుందని ఆ పేరు. సంస్కృత వైద్యులు దీన్నే కర్ణశష్కులి అన్నారు. శష్కులి అంటే నూనెలో వేయించిన ఒక పిండివంట, మన చక్కిలం ఆ మాట నుంచి వచ్చిందే. చెవి మడతలను ఒకసారి అద్దంలో చూసుకుంటే ఆ పేరు పెట్టినవాళ్ళ చూపు ఎంత నిశితమో తెలుస్తుంది. కింద వేలాడే మెత్తటి భాగం తమ్మె. డొప్పలో మృదులాస్థి ఉంటుంది, తమ్మెలో ఉండదు, కొవ్వూ చర్మమే. అందుకే చెవులు కుట్టేది ముందు తమ్మెకు. బావిలీల కోసం పైభాగం కుట్టించుకుంటే పుండు మానడం ఆలస్యమవుతుంది, మృదులాస్థిలో రక్తనాళాలు ఉండవు మరి. తమ్మెకు పెట్టుకునే కమ్మలను మీ టీ నగర్ నగల దుకాణాల్లో కమ్మల్ అంటారు. కమ్మ అంటే మొదట తాటాకే. ఆకును చుట్టచుట్టి తమ్మెలో దూర్చుకునే రోజుల్లో పుట్టిన పేరు బంగారానికి కూడా నిలిచింది.

లోపల పుట్టే మైనాన్ని ప్రాంతాన్ని బట్టి గులిమి అనీ గుబిలి అనీ అంటారు, రెండూ ఒప్పే. చెవి దారిలో బయటి మూడో వంతులోనే అది ఊరుతుంది, దానంతట అదే బయటికి జరుగుతుంది. కాటన్ బడ్స్ పెట్టి తిప్పితే వెనక్కి, కర్ణభేరి దాకా పోయి గట్టిపడుతుంది. చిల్లు పడి ఉన్న చెవిలో అయితే అసలు ఏమీ పెట్టకూడదు.

కర్ణభేరి దాటాక తెలుగు చెయ్యి అందలేదు, కన్ను ఆనలేదు. శవాన్ని కోసి చూసే చదువు వచ్చాకే అక్కడి భాగాలకు మన భాషలో పేర్లు కావలసి వచ్చాయి. తెలుగు మాధ్యమం జీవశాస్త్ర పుస్తకాల్లో ఆ మూడు ఎముకలకు కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అని పేర్లున్నాయి. కూటం అంటే సుత్తి, కొయ్యమేకులు దిగగొట్టే గూటం ఆ మాటే. దాగలి కమ్మరి కొలిమి దగ్గర ఎర్రగా కాలిన ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ. ఈ రెండూ చక్కటి పేర్లు, బొమ్మ కళ్ళకు కడతాయి. మూడోదానితోనే నాకు తృప్తి లేదు. కర్ణాంతరాస్థి అంటే చెవి లోపలి ఎముక. ఆ మాటకొస్తే మూడూ చెవి లోపలి ఎముకలే కదా. గుర్రపు జీనుకు వేలాడే, కాలు పెట్టుకునే కొక్కెంలా ఉంటుందని లాటిన్‌లో దానికి స్టేపిస్ అన్నారు. జీనుకు ఉండే ఆ కొక్కేన్ని మనం ఉర్దూ నుంచి తెచ్చుకుని రికాబు అంటున్నాం. పాత తెలుగు మాట అంకవన్నె. మీ అమ్మాయి చదివిన తమిళ అంగవడికి ఇది చుట్టమే. కాబట్టి తెలుగులో లేదని చెప్పకండి, ఉన్నదాన్ని పుస్తకాల్లోకి తెచ్చుకోలేదు, అంతే. కూటకం, దాగలి, అంకవన్నె అని ఆమె రాసుకుంటే నేను నూటికి నూరు మార్కులు వేస్తాను. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నదే రాయమనండి.

ఈ అంకవన్నె ఒంట్లోని ఎముకలన్నిటిలోకీ చిన్నది, సుమారు 3 మిల్లీమీటర్లు. దానికి ఇంత చర్చ ఎందుకంటే చేసే పని పెద్దది. లోపలి చెవి నిండా ద్రవం ఉంటుంది. గాలిలో వచ్చిన శబ్దం నేరుగా ద్రవాన్ని తాకితే చాలావరకు వెనక్కి తిరిగిపోతుంది. కర్ణభేరి వైశాల్యం, అంకవన్నె అడుగు ఆనే, లోపలి చెవిలోకి దారి అయిన చిన్న కిటికీకి దాదాపు 17 రెట్లు. పెద్ద పొర మీద పడిన అదురును మూడు ఎముకలూ కలిసి చిన్న కిటికీ మీద కుదిస్తాయి. దాంతో ద్రవం కదిలేంత ఒత్తిడి వస్తుంది. కర్ణభేరికి చిల్లు పడితే వినికిడి మందగించేది అందుకే.

ఆ మూడు ఎముకలున్న చోటును మధ్య చెవి అంటారు. అక్కడి నుంచి గొంతు వెనకకు ఒక గొట్టం ఉంది. దానికి యూస్టేషియన్ నాళం అనే పేరే అందరూ వాడుతున్నారు, దాన్ని అలాగే ఉంచుకుందాం. కానీ అది మూసుకుంటే కలిగే బాధకు మాత్రం మనకు ‘దిబ్బడ’ ఉంది. చెన్నై నుంచి తిరుమల వెళ్ళేవాళ్ళకు ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా చెవులు దిబ్బడ పడతాయి, గుటక వేస్తే టప్పున విడతాయి. గుటకకు ఆ గొట్టం తెరుచుకుని లోపలి గాలీ బయటి గాలీ సమానమవుతాయి. జలుబు చేసినప్పుడు కూడా చెవులు దిబ్బడే, చెవుడు అనకండి. చెవుడు నిలిచిపోయిన లోపానికి వాడే మాట.

లోపలి చెవిలో వినికిడికి కర్ణావర్తం ఉంది, ఆవర్తం అంటే సుడి. నత్తగుల్లలా రెండున్నర చుట్లకు పైగా తిరిగి ఉంటుంది. దాంట్లో సుమారు 15,000 సన్నటి రోమకణాలు శబ్దాన్ని నరానికి అందిస్తాయి. అవి పోతే మనుషుల్లో మళ్ళీ పుట్టవు. దాని పక్కనే మూడు అర్ధవృత్తాకార కుల్యలు, అంటే సగం చుట్టు తిరిగిన సన్నటి గొట్టాలు, ఒంటి తూకం చూసుకునేవి. వాటిలో తేడా వస్తే మనం ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అంటాం. చెవి జబ్బుకు కళ్ళను అనడం పొరపాటేమో అని ఒకరిద్దరు నన్ను అడిగారు. పొరపాటు కాదు. ఆ కుల్యలు చెదిరితే కనుగుడ్లు నిజంగానే ఒక పక్కకు జారి మళ్ళీ గబుక్కున వెనక్కి వస్తుంటాయి. డాక్టరు కూడా ముందు కళ్ళే చూస్తారు.

చివరగా, మీరు అడక్కపోయినా చెప్పాల్సింది ‘చెవిన చుక్కలు వేయాలి’ గురించి. చెవిన పడింది, చెవిన వేశాను, పెడచెవిన పెట్టాడు, ఇవన్నీ మాట వినడం గురించినవి. ‘ఈ సంగతి మావారి చెవిన వేయండి’ అంటే చెప్పమని. చెవి అనే చోటులోకి ఏదైనా పోయడానికి, దూర్చడానికి ‘చెవిలో’ అనే రావాలి. చెవిలో చీమ దూరింది, చెవిలో చుక్కలు వేయాలి. ఇంకొక మాట కూడా జోడించి పంపండి. చల్లటి మందు చెవిలో పడితే పక్కనే ఉన్న కుల్యల్లో ద్రవం కదిలి కళ్ళు తిరుగుతాయి. అలాగని ‘మందు గోరువెచ్చగా చేసి’ అని రాస్తే ఎవరైనా పొయ్యి మీద పెట్టేస్తారు. ‘సీసాను రెండు అరచేతుల మధ్య కాసేపు పట్టుకుని, తర్వాత చెవిలో చుక్కలు వేయాలి’ అని రాయండి.