డేకేర్ ఖర్చును అమ్మ జీతంలోంచి మాత్రమే తీసివేసి చూడకండి

మీ పాపకు ఏడో నెల నడుస్తోందని, జీతం లేని సెలవు కూడా ఈ నెలాఖరుతో ముగుస్తుందని రాశారు. మీ చేతికి వచ్చే 45,000 జీతంలో డేకేర్‌కు 15,000, ఆఫీసుకు రానుపోను 5,000, వంటమనిషికి 6,000 పోగా మిగిలేది 19,000 మాత్రమేననీ, ఆ మాత్రానికి ఇంత అవస్థ దేనికని మీ వారు అంటున్నారనీ, మానేస్తే నిజంగా ఎంత నష్టమో తేలడం లేదనీ అడిగారు. నేను మా బాబు కోసం హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి, వాడు బడికి అలవాటు పడేదాకా ఇంట్లో ఉండి, తరువాత మళ్లీ చేరాను. మానేసినందుకు నాకు విచారం లేదు. అయితే మానేసే ముందు మేమిద్దరం ఒక రాత్రి రెండు పే స్లిప్పులూ ఎదురుగా పెట్టుకుని, పాత డైరీలో రెండు గళ్లు గీసి వేసుకున్న లెక్క వేరు. మీ ఇంట్లో వేస్తున్న లెక్క వేరు. ఆ తేడాయే మీకు చెప్పాలని రాస్తున్నాను.

మొదటి సంగతి, డేకేర్ ఖర్చు మీ ఒక్కరి జీతానికే ఎందుకు రాస్తున్నారు? పాప ఇద్దరిదీ. ఆ పదిహేను వేలు కడుతున్నందువల్లే మీరూ ఉద్యోగానికి వెళ్తున్నారు, మీ వారూ నిశ్చింతగా వెళ్తున్నారు. ఆయన జీతం 80,000 అని చెప్పారు కనుక ఇంటికి వచ్చే మొత్తం 1,25,000. అందులో పాప కోసం, ఇద్దరూ పనికి వెళ్లడం కోసం అయ్యే ఖర్చు 26,000. ప్రశ్నను ఇలా పెట్టుకుంటే మీ జీతం దండగ అన్న మాట రాదు. పైగా డేకేర్ ఫీజు పాప పెద్ద బడికి వెళ్లేదాకా ఉండే ఖర్చు, జీతమేమో ఏటా పెరిగేది. తగ్గబోయే ఖర్చును, పెరగబోయే ఆదాయాన్ని ఈ ఒక్క నెల అంకెలతో తూచకూడదు.

రెండో సంగతి, చేతికి వచ్చేది మాత్రమే జీతం కాదు. మీ బేసిక్ (మూల వేతనం) 25,000 అన్నారు. అందులో 12 శాతం, అంటే 3,000, మీ పీఎఫ్ (భవిష్య నిధి) కింద పోతుంది. అంతే మొత్తం కంపెనీ కూడా వేస్తుంది, మీరు పెన్షన్ పథకంలో ఉంటే అందులో కొంత దానికి, మిగతాది పీఎఫ్ ఖాతాకు చేరుతుంది. గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే మొత్తం, ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున, నెలను 26 రోజులుగా లెక్కగడితే, నెలకు దాదాపు 1,200 పడుతుంది. కాబట్టి మీరు వదులుకుంటున్నది 19,000 కాదు, 26,000 దాటుతుంది. గ్రాట్యుటీకి ఐదేళ్ల సర్వీసు నిండాలి. మీకు నాలుగేళ్లు దాటి కొన్ని నెలలైందని రాశారు. జీతంతో తీసుకున్న ప్రసూతి సెలవు కూడా సర్వీసు కిందే లెక్క. ఐదేళ్లు నిండాక మానేస్తే, ఇప్పటి బేసిక్ మీదనే సుమారు 72,000 వస్తుంది. కొద్ది నెలల ముందే రాజీనామా ఇస్తే అది చేజారవచ్చు.

ఒకరు మానేస్తే పన్ను కలిసి వస్తుందని కొందరు చెబుతారు. మన దేశంలో భార్యాభర్తలకు పన్ను విడివిడిగా లెక్క కడతారు, 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో జీతగాళ్లకు ఏడాదికి 12.75 లక్షల దాకా పన్నే లేదు. మీ ఇద్దరి జీతాలూ ఆ లోపే ఉన్నాయి కనుక, మీరు మానేస్తే పన్ను రూపేణా మిగిలేది ఏమీ ఉండదు.

నాకు అన్నిటికంటే ముఖ్యమని అనిపించింది ఆరోగ్య బీమా. తెనాలిలో ఉండే మా నాన్నగారికి షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. ఆయనా, అమ్మా నా కంపెనీ గ్రూపు పాలసీలో ఉండేవారు, అందులో పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే రక్షణ ఉండేది. నా ఉద్యోగంతో పాటే అదీ పోతుంది. విడిగా కొత్త పాలసీ తీసుకుంటే అంతకుముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం పెట్టే వీలు బీమా సంస్థలకు ఉంది. అందుకని నేను రాజీనామా ఇవ్వడానికి చాలా ముందే వారికి వేరే పాలసీ తీసుకుని, రెండూ కొంతకాలం పక్కపక్కనే నడిపాను. మీ అమ్మానాన్నలు మీ పాలసీలో ఉన్నారేమో చూసుకోండి. గ్రూపు పాలసీ నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారే అవకాశం కూడా ఉంటుంది, ఆ దరఖాస్తు కంపెనీలో ఉండగానే పెట్టుకోవడం మంచిది. ఇంటి లెక్కల్లో కోడలి ఉద్యోగంతో ఆమె కన్నవారికి దక్కుతున్న ఈ రక్షణను ఎవరూ రాయరు. మీరే రాయాలి.

మళ్లీ చేరేటప్పుడు ఏమవుతుందన్నది కూడా దాచకుండా చెప్పాలి. నేను తిరిగి చేరినప్పుడు నాకు ఇవ్వజూపిన జీతం మానేసిననాటి జీతం కంటే తక్కువ, నాతో పాటు చేరినవారు అప్పటికి నాకంటే రెండు మెట్లు పైన ఉన్నారు. మీ 45,000 ఏటా 8 శాతం పెరుగుతుందనుకుంటే నాలుగేళ్లకు 61,000 దాటుతుంది. అప్పుడు మీరు 45,000కే చేరవలసి వస్తే, ఆ పదహారు వేల తేడా తరువాతి ఏళ్లలోనూ మీ వెంట వస్తుంది. అసలు నష్టం ఇదే. దీన్ని తెలిసి భరించడం వేరు, తెలియక భరించడం వేరు. ఇంత నష్టమున్నా మానేయాలని మీకు అనిపిస్తే, పాప దగ్గర ఉండాలన్న మీ కోరిక అంత బలమైనదన్నమాట, దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. మా బాబుకు డేకేర్‌లో చేరినప్పటి నుంచి ఒక జలుబు తగ్గేలోపే ఇంకొకటి వచ్చేది. అమ్మమ్మకూ, నానమ్మకూ ఊళ్లో బాధ్యతలు ఉండడంతో వచ్చి ఉండలేకపోయారు. వాడి మొదటి మాటలు నేనే వినాలని నాకు గట్టిగా ఉండేది. ఆ కోరికకు ధర కట్టాను, కట్టిన తరువాతే మానేశాను.

మానేయాలనే నిశ్చయించుకుంటే, రాజీనామాకు ముందు కనీసం మూడు నెలలు మీ వారి జీతంతోనే ఇల్లు నడిపి చూడండి. ఇంటి ఈఎంఐ, అద్దె, సరుకులు, పండగలు, పెళ్లిళ్లకు పెట్టుపోతలు అన్నీ అందులోంచే రావాలి. మీ జీతాన్ని ముట్టుకోకుండా వేరే ఖాతాలో పడనివ్వండి. ఇబ్బంది ఎక్కడుందో తెలిసిపోతుంది, అత్యవసర నిధి కూడా ఏర్పడుతుంది. పీఎఫ్ మాత్రం మానేయగానే తీసేసుకోకండి. ఐదేళ్లు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. పెన్షన్ సొమ్ము కూడా తీసేస్తే దానికి కావలసిన పదేళ్ల సర్వీసు లెక్క తెగిపోతుంది, ఖాతాను అలాగే ఉంచితే రేపు చేరే ఉద్యోగంతో అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ సంఖ్య) కింద కలుస్తుంది.

ఇక డబ్బు ఎవరిదన్న మాట. నేను మానేసిన కొత్తలో మా తమ్ముడి గృహప్రవేశం వచ్చింది. వాడికి ఐదు వేలు పెట్టాలనుకుని మా వారిని అడిగాను. ఆయన మారు మాట్లాడకుండా ఇచ్చారు. అయినా అడగడానికి ముందు, అంత ఎందుకు పెట్టాలో మనసులో వివరణ సిద్ధం చేసుకుంటున్నానని నాకు తెలిసింది. అది ఆయనతో చెప్పాను. ఆ తరువాతి నెల నుంచి జీతం పడిన రోజే, ఈఎంఐ కంటే ముందు, నా ఖాతాకు ఒక నిర్ణీత మొత్తం దానంతటదే వచ్చేలా బ్యాంకులో ఏర్పాటు చేశారు. అదీ కాక నా పేరున పీపీఎఫ్‌లో (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు పథకం) ఏటా వేయాలని రాసుకున్నాం. భర్త ఇచ్చిన డబ్బును భార్య పేరున డిపాజిట్ చేస్తే ఆ వడ్డీ భర్త ఆదాయంలో కలుస్తుంది కానీ, పీపీఎఫ్ వడ్డీకి పన్ను లేదు కనుక ఆ చిక్కు రాదు. ఏడాదికి 1.5 లక్షల వరకు వేయవచ్చు. ఈ ఏర్పాటు మానేసిన తరువాత అడిగి సాధించుకునేది కాదు, మానేసే ముందే ఇద్దరూ కూర్చుని ఒప్పుకోవలసింది.

ఇంటిపని పంపకం కూడా అప్పుడే మాట్లాడుకోండి. 2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో ఇంటిపనులు చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు వాటికే వెచ్చిస్తుంటే, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. మీరు ఇంట్లో ఉంటున్నారు కదా అని వంటమనిషిని మాన్పించి, రాత్రి పాప లేస్తే ఆ పనీ మీకే వదిలేస్తే, పాప కోసం ఉద్యోగం మానేసి మిగుల్చుకున్న సమయం పాపకు దక్కదు. ఆయన పేరున తగినంత టర్మ్ బీమా ఉండాలని వేరే చెప్పనక్కర్లేదు. ఇల్లంతా ఒక్క జీతం మీద ఆధారపడబోతోంది.

చివరిగా, రాజీనామా ఉత్తరం రాసే ముందు హెచ్‌ఆర్‌కు రెండు ప్రశ్నలు మెయిల్‌లో పంపండి. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ (పసిపిల్లలను చూసుకునే చోటు) సదుపాయం కల్పించాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి రావచ్చని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ చెప్పింది, మీ కంపెనీలో అది ఎక్కడుందో అడగండి. ప్రసూతి సెలవు తరువాత కొంతకాలం ఇంటి నుంచి పనిచేసేలా యాజమాన్యంతో ఒప్పందం చేసుకునే వీలు కూడా అదే సవరణ కల్పించింది, మీ పని స్వభావం అందుకు కుదురుతుందేమో అడగండి. ఆ జవాబులు వచ్చేలోగా జాయినింగ్ లెటర్ బయటికి తీసి, మీకు ఐదేళ్లు ఏ తేదీకి నిండుతాయో చూసి పెట్టుకోండి.